సీనియర్ అన్న ఓపెన్ సోర్స్

2001లో అమెరికాలోని ఎంఐటీ తన పాఠాలన్నీ ఊరికే ఇచ్చేస్తానని ప్రకటిస్తే ప్రపంచం నోరెళ్లబెట్టింది. మరుసటి ఏడాది యునెస్కో ఓ సమావేశం పెట్టి, ఇలాంటి సరుకుకి ‘ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్’ అని నామకరణం చేసింది. మన ఇంజనీరింగ్ కాలేజీల హాస్టళ్లలో మాత్రం ఎవరూ ఆశ్చర్యపోలేదు. సీనియర్ల ల్యాబ్ రికార్డులు అక్కడ అప్పటికే ఏ ప్రకటనా లేకుండా, పైసా ఖర్చు లేకుండా, గది నుంచి గదికి తిరుగుతున్నాయి.

డేవిడ్ వైలీ అనే అమెరికన్ విద్యావేత్త ఓపెన్ పాఠానికి ఐదు హక్కులు చెప్పాడు. దగ్గర ఉంచుకోవచ్చు, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, మరోదానితో కలుపుకోవచ్చు, నలుగురికీ పంచొచ్చు. ఇందులో మూడింట్లో సీనియర్ రికార్డుకి డిస్టింక్షన్. మార్చడం, కలపడం మాత్రం మహాపాపం. ఎప్పుడో ఒక అన్న నిద్రమత్తులో దశాంశ బిందువు ఒక గడి పక్కకి పెడితే, అది బ్యాచీల తరబడి అక్కడే ఉంటుంది. ప్రతి బ్యాచీలోనూ దాని పక్కన ఎర్ర సిరా టిక్కు, కింద సంతకం.

సిలికాన్ డయోడ్ సంగతే చూడండి. సుమారు 0.7 వోల్టుల దగ్గర అది కరెంటు పారనిస్తుందని పుస్తకం చెబుతుంది. ఆ ‘సుమారు’ పుస్తకంలోనే ఆగిపోతుంది. డయోడ్ వేడెక్కితే, అదే కరెంటు దగ్గర, ఆ వోల్టేజీ డిగ్రీకి దాదాపు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. చలికాలం పొద్దుటికీ మే నెల మధ్యాహ్నానికీ 20 డిగ్రీల తేడా ఉంటే 40 మిల్లీవోల్టులు, మామూలు మల్టీమీటరుకే కనిపించే తేడా. అయినా మన రికార్డుల్లో ఏడాది పొడుగునా ఒకటే రుతువు. ముందు గ్రాఫు గీసుకుని, ఆ గీత మీద నుంచి రీడింగులు దింపుకునే చోట ఎండకి పనేముంది? గీత నున్నగా ఉంటేనే మార్కులు. డయోడ్ చెప్పిన నిజం రాసినవాణ్ణి ‘మళ్లీ చేసి తీసుకురా’ అంటారు.

కంప్యూటర్ ల్యాబు కథ ఇంకా రసవత్తరం. టర్బో సి కంపైలర్ 1987లో వచ్చింది, డబ్బు పెట్టి కొనుక్కోవాల్సిన సరుకు. అదే ఏడాది రిచర్డ్ స్టాల్‌మన్ జీసీసీ కంపైలర్‌ని ఊరికే పంచిపెట్టాడు. జీసీసీ అప్పటి నుంచీ పెరుగుతూనే ఉంది. మన ల్యాబుల్లో చాలాకాలం నీలం తెర టర్బో సి మాత్రమే ఏలింది. మధ్యలో 64 బిట్ల విండోస్ వచ్చి ఈ పాత ప్రోగ్రాములు నా దగ్గర నడవవు పొమ్మంది. దానికీ మనవాళ్లు ఉపాయం కనిపెట్టారు. పాత డాస్ ఆటలు ఆడుకోవడానికి ఎవరో పుణ్యాత్ములు రాసిన డాస్‌బాక్స్ తెచ్చి, దాని లోపల టర్బో సి నడిపారు. ఆ డాస్‌బాక్స్ ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్! ఉచిత కంపైలర్‌ని తప్పించుకోవడానికి ఉచిత సాఫ్ట్‌వేర్‌నే వాడుకున్న ఘనత మనది.

కెమికల్ బ్రాంచి పిల్లలందరికీ లెవెన్‌స్పీల్ పుస్తకం తెలుసు. ఆయన మొదటి పేరు ఆక్టేవ్. ఆ పేరే పెట్టుకున్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఆయన శిష్యుడు జాన్ ఈటన్ మొదలుపెట్టాడు. అసలు ఉద్దేశం కెమికల్ రియాక్టర్ డిజైన్ పాఠానికి తోడుగా ఉండాలనే. డబ్బు పెట్టి కొనాల్సిన మ్యాట్‌ల్యాబ్‌లో చేసే ల్యాబు లెక్కలు చాలా వరకు అందులో అయిపోతాయి. అయినా ల్యాబులో పెన్‌డ్రైవు చేతులు మారుతుంది, అందులో మ్యాట్‌ల్యాబ్ క్రాకు ఉంటుంది. కొనాల్సింది ఊరికే తెచ్చుకుంటాం, ఊరికే ఇచ్చేదాన్ని అనుమానంగా చూస్తాం.

పాపం, ప్రభుత్వం ఊరుకోలేదు. కేంద్రం డబ్బుతో ఐఐటీ బొంబాయి ఫాసీ ప్రాజెక్టు నడుపుతోంది. ‘ల్యాబ్ మైగ్రేషన్’ పేరుతో కాలేజీలు తమ ప్రయోగాలను సైలాబ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లోకి మార్చి ఇస్తే గౌరవ వేతనం కూడా ఇస్తుంది. సాఫ్ట్‌వేర్ నేర్పడానికి అక్కడే పుట్టిన స్పోకెన్ ట్యుటోరియల్ తెలుగులోనూ వినిపిస్తుంది. కంప్యూటర్ తెర మీదే ప్రయోగాలు చేయించే వర్చువల్ ల్యాబ్స్ తయారీలో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ చేయి ఉంది. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌వాళ్లు రూపొందించిన ఎక్స్‌పైస్ అనే చిన్న పెట్టెని కంప్యూటర్‌కి తగిలిస్తే ఆసిలోస్కోపు పని చేస్తుంది. దాని సర్క్యూటుతో సహా అంతా బాహాటమే. మన ఆసిలోస్కోపు మాత్రం బీరువాలో క్షేమంగా ఉంది. తనిఖీ బృందం వచ్చిన రోజు బయటికొస్తుంది.

ఆ బృందం కోసమే ల్యాబ్ మాన్యువల్ కూడా. తెరిస్తే ముందు విజన్, తర్వాత మిషన్, ఆపైన ప్రోగ్రాం అవుట్‌కమ్‌లు, వాటికీ కోర్సుకీ మూడు, రెండు, ఒకటి అంకెలతో పొత్తు కుదిర్చిన పట్టిక. ఓపిక ఉన్నవాడికి చివర్లో ప్రయోగాలూ కనిపిస్తాయి. పక్క కాలేజీ ఫైలు తెచ్చి లోగో మార్చడమే మాన్యువల్ తయారీ. పేరుని వెతికి మార్చే మీట పేజీల అడుగు దాకా వెళ్లదు కాబట్టి అక్కడ పక్క కాలేజీ పేరే ఉంటుంది. అట్ట మీద మాత్రం ఈ కాలేజీ పేరు, దాని కింద ‘సర్వహక్కులూ మావే’.