పెరటిని కాస్త పాడుబెట్టండి

కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు మీదుగా విరుదునగర్ దాకా పరుచుకున్నది నల్లరేగడి నేల. అక్కడివాళ్లు దాన్ని కరిసల్ అంటారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు ఇచ్చే వానే దానికి ఆధారం. ఆ తేమ మీద పండిన మినుము, పెసర, జొన్న, మొక్కజొన్న మాసి నెల దాటేసరికి ఇంటికి చేరిపోతాయి. ఉగాది నాటికి చేలు బోసిపోతాయి, చెరువులు అడుగంటుతాయి. చాలా పిట్టలు గూళ్లు కట్టుకుని పిల్లల్ని లేపేది సరిగ్గా అప్పుడే. చేలో తిండి, చెరువులో నీళ్లు లేని ఆ రెండు మూడు నెలలూ వాటికి మిగిలే దిక్కు మన ఇంటి వేపచెట్టు, బావిగట్టు, పెరడు.

పెరటి గురించి అందరూ చెప్పే మాటలు మనకు తెలుసు. అద్దంలా ఊడ్చుకో, పురుగు కనబడితే మందు కొట్టు, ఎండుకొమ్మ నరికెయ్యి, పిట్టలకు గింజలు చల్లు, దిక్కులేని పిల్ల దొరికితే ఇంట్లోకి తెచ్చి పెంచు. కింద ఇచ్చిన సలహాలన్నీ వీటికి అడ్డం తిరిగేవే. మొదటిసారి విన్నప్పుడు తలకిందులుగా తోస్తాయి. కారణాలు చదివాక మీరే నిర్ణయించుకోండి.

1. ఒక మూల ఊడవకండి

వేప ఆకు రాల్చేది శివరాత్రి అటూఇటూ. ఆ ఆకును రోజూ ఊడ్చి, సాయంత్రం మంటపెట్టడం మన ఇళ్లలో అలవాటు. ఆ మంటలో పోయేది ఆకు ఒక్కటే అనుకుంటాం. ఆకుల కింద తేమ పట్టుకుని చెదలు, పేడపురుగులు, సాలీళ్లు, జెర్రులు బతుకుతాయి. గుంపుగా దిగి ఆకులు తిరగేస్తూ కిచకిచలాడే బూడిదరంగు పిట్టలను చూసే ఉంటారు. తమిళంలో తవిట్టు కురువి అంటారు. వాటికి, గోరింకలకు, తొండలకు ఆ ఆకుల పొరే వంటిల్లు. ముంగిలి ఊడవండి, ముగ్గు పెట్టండి. పెరట్లో గోడవారగా ఒక్క మూల మాత్రం చీపురు తగలనివ్వకండి.

ఆకులు పేరిస్తే పాములు చేరవా అని అడుగుతారు. న్యాయమైన భయమే. అందుకే ఆ మూల ఇంటి గుమ్మానికి, పిల్లలు ఆడుకునే చోటికి, బాత్‌రూముకు వెళ్లే దారికి దూరంగా ఉండాలి. అందులో చేయి పెట్టకూడదు, రాత్రిపూట టార్చిలైటు లేకుండా అటు పోకూడదు.

2. నిమ్మాకును పురుగు తినేస్తే తిననివ్వండి

నిమ్మ, కరివేపాకు లేతచిగుళ్ల మీద మొదట పిట్టరెట్టలా కనబడి, తర్వాత పచ్చగా మారే గొంగళి పురుగు మన పెరళ్లలో మామూలే. నిమ్మ సీతాకోకచిలుక పిల్ల అది. మంచి కాలంలో గుడ్డు నుంచి రెక్కల దాకా దాదాపు నెలలో అయిపోతుంది. ఎదిగిన చెట్టు నాలుగు చిగుళ్లు పోగొట్టుకుంటే చావదు, మళ్లీ వేస్తుంది. మొక్క మరీ చిన్నదైతే పురుగును ఆకుతో సహా తీసి పెద్ద నిమ్మచెట్టుకు మార్చండి.

మందు కొట్టకపోవడానికి ఇంకా పెద్ద కారణం ఉంది. మందార ఆకులనో, వంకాయ ఆకులనో దారంతో కుట్టి గూడు కట్టే దర్జీపిట్ట, పువ్వు పువ్వుకూ తిరిగే తేనెపిట్ట, గింజలు తినే పిచ్చుక కూడా పిల్లల నోట్లో పెట్టేది మెత్తటి పురుగునే. గూట్లో పిల్లలున్నప్పుడు పెరట్లో పురుగు లేకపోతే, ఎన్ని గింజలున్నా ఆ పిల్లలు బతకవు. జిల్లేడు మొక్క గోడపక్కన మొలిస్తే దాన్నీ పీకకండి. నారింజరంగు రెక్కల సీతాకోకచిలుక ఒకటి గుడ్లు పెట్టేది దాని మీదే. పాలు కంట్లో పడకుండా పిల్లలకు చెప్పండి చాలు. కిటికీ మూలన మట్టితో బుడిపెలు కట్టే కుమ్మరి పురుగును కూడా వదిలేయండి. దాని పిల్లలకు ఆహారంగా ఆ మట్టి గదిలో గొంగళి పురుగులనో, సాలీళ్లనో దాచిపెడుతుంది. మనం డబ్బిచ్చి కొనే మందు పనిని అది ఉచితంగా చేస్తుంది.

3. చచ్చిన చెట్టును నిలబెట్టండి

తల పోయిన తాడిచెట్టు ఊరివాళ్ల కంటికి మొండి కట్టె. చిలుకలు, గోరింకలు, పాలపిట్టలు, చిన్న గుడ్లగూబలు సాధారణంగా సొంతంగా తొర్ర తొలుచుకోవు. వడ్రంగిపిట్ట తొలిచి వదిలేసిన తొర్రో, పుచ్చిన మానో దొరికితేనే వాటి సంసారం. పచ్చి తాడిచెట్టుకు వేరే అతిథులున్నాయి. గాలిలో ఎగురుతూనే పురుగులు పట్టే ఒక చిన్న పిట్ట ఈకలను తన ఉమ్మితో తాటాకు అడుగున అంటించి గూడు చేసుకుంటుంది. తాడి తమిళనాడు రాష్ట్ర వృక్షం. దాన్ని కొట్టాలంటే కలెక్టరు అనుమతి తప్పనిసరి చేస్తామని ప్రభుత్వం 2021 వ్యవసాయ బడ్జెట్‌లో ప్రకటించింది కూడా.

ఇంటి మీదో, కరెంటు తీగల మీదో పడేలా ఉన్న కొమ్మను కొట్టక తప్పదు. మిగిలిన ఎండుకొమ్మలను ఆడి నెల దాకా కొట్టకుండా ఆపండి. కొట్టే ముందు ఒక పూట చెట్టుకింద నిలబడి, తొర్రలోకి ఏదైనా వచ్చిపోతోందేమో చూడండి. గుడ్లగూబ ఇంటి చెట్టు మీద అరిస్తే చెడు జరుగుతుందన్న మాట పెద్దవాళ్ల నోట ఇంకా వినిపిస్తుంది. ఆ పిట్ట రాత్రంతా ఎలుకలనూ పురుగులనూ పడుతుంది. ఎలుకమందు పెడితే, మందు తిని తూలుతున్న ఎలుకను పట్టిన గుడ్లగూబ కూడా చస్తుంది. ఎలుకలకు బోను పెట్టుకోండి.

4. గింజల సంచి కొనకండి

పిట్టలకు పెట్టాలన్న మనసు మంచిదే. రోజూ ఒకేచోట గుప్పిళ్లు గుప్పిళ్లు పోస్తే ఆ చోటికి పావురాలు, ఎలుకలు, ఎలుకల కోసం పాములు, పిట్టల కోసం పిల్లులు చేరతాయి. మురికి పట్టిన పళ్లెంలో జబ్బులు ఒకదాని నుంచి ఒకదానికి అంటుకుంటాయి. భోజనానికి ముందు కాకికి ఒక ముద్ద పెట్టే ఆచారం ఎంతో చక్కనిది. ఉప్పూ నూనే తగలని అన్నం ఒక్క ముద్ద, అంతే. సాత్తూరు కారాసేవు, కోవిల్‌పట్టి కడలై మిఠాయి మాత్రం మనుషుల తిండి. ఉప్పు, నూనె, పాకం పిట్టలకు పెట్టకండి.

గింజల డబ్బుతో మొక్క కొనండి. మందార, నందివర్ధనం, మునగ, దానిమ్మ, నేరేడు, ముళ్లున్న రేగు ఏదైనా సరే. పువ్వుకు తేనెపిట్ట, పండుకు పికిలిపిట్ట వస్తాయి. ముళ్ల మధ్య కట్టిన గూటికి పిల్లి భయం తక్కువ.

5. కరువు ఊళ్లో రోజూ నీళ్లు పారబోయండి

కుళాయి నీళ్ల కోసం బిందెలు వరసపెట్టే ఊళ్లలో ఈ మాట చెప్పడం తప్పుగా తోచవచ్చు. అయినా చెప్పాలి. పిట్టలకు పెట్టిన నీళ్లను పొద్దున్నే పారబోసి, మూకుడును పీచుతో రుద్ది, కొత్త నీళ్లు పోయాలి. ఎండాకాలంలో దోమ గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. రోజూ రుద్దే మూకుడులో దానికి ఆ గడువు దొరకదు. పారబోసేది మొక్క పాదులోకే కనుక చుక్క కూడా వృథా కాదు.

మూకుడు మట్టిదై, వెడల్పుగా, రెండు వేళ్ల లోతుకు మించకుండా ఉండాలి. మధ్యలో ఒక రాయి పెడితే తేనెటీగలు, సీతాకోకచిలుకలు మునగకుండా తాగుతాయి. నీడలో, పిల్లి పొంచి ఉండటానికి వీల్లేని చోట పెట్టండి. లోతైన తొట్టి ఉంటే అందులో ఒక కర్ర ఏటవాలుగా వేయండి. దాహంతో దిగిన ఉడుత, తొండ ఆ కర్ర పట్టుకునే పైకి వస్తాయి.

6. కిందపడ్డ పిల్లను ఇంట్లోకి తేకండి

చిత్తిరై ఎండలో చెట్టుకింద ఈకలొచ్చిన పిల్ల ఒకటి గెంతుతూ కనిపిస్తుంది. జాలితో తెచ్చి అట్టపెట్టెలో పెట్టి పాలు పోస్తారు. పిట్టపిల్లకు పాలు అరగవు. ఈకలొచ్చిన పిల్ల గూడు దిగి నేలమీదో, కొమ్మల్లోనో కొన్ని రోజులు ఎగరడం నేర్చుకోవడం సహజం. తల్లి దగ్గర్లోనే ఉండి పురుగులు తెచ్చి పెడుతూ ఉంటుంది. మీరు చేయాల్సిందల్లా కుక్కా పిల్లీ రాకుండా చూసి, పిల్లను దగ్గరి కొమ్మ మీద పెట్టి, దూరంగా జరగడం. ఈకలు రాని పిల్లయితే గూడు వెతికి అందులోనే పెట్టండి. మనిషి చేయి తగిలితే తల్లి వదిలేస్తుందన్నది నిజం కాదు. చిలుకపిల్లను పంజరంలో పెంచడం మాత్రం జాలితో చేసినా చట్టప్రకారం నేరమే.

కాకులు తల మీద తన్నే కాలమూ ఇదే. గూట్లోంచి పిల్ల దిగినప్పుడు అవి అలా కాపలా కాస్తాయి. గొడుగు వేసుకుని వెళ్లండి, గూడు మాత్రం దులపకండి. ఆ గూట్లో కోయిల పిల్ల కూడా ఉండి ఉండవచ్చు.

7. కొత్త ఇంటి గోడకు కన్నాలు వదలండి

పెంకుటిళ్లకు దూలాల సందులు, చూరు కింద గూళ్లు ఉండేవి. శ్లాబు ఇళ్లకు అవి లేవు. పిచ్చుక ఊరొదిలి పోవడానికి ఇదొక ముఖ్య కారణం. 2010 నుంచి మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినం జరుగుతోంది. ఆ రోజు పంచే గూళ్లలో చాలావాటిని ఎండ కొట్టే గోడకు వేలాడదీస్తారు. చెక్కపెట్టెకు 32 మిల్లీమీటర్ల కన్నం చాలు. ముందు కర్రపుల్ల ఉండకూడదు, లోపల రంగు వేయకూడదు. మనిషి తలకంటే ఎత్తున, పడమటి ఎండ తగలని చోట, ఊగకుండా బిగించాలి. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లయితే మేస్త్రీకి చెప్పి, పిట్టగోడలో రెండు మూడు ఇటుకల చోటు ఖాళీగా ఉంచండి. పెట్టె కంటే అది నయం.

8. పామును కొట్టకండి, నెమలిని పిలవకండి

జెర్రిపోతుకు విషం లేదు. అది ఎలుకలను తింటుంది. నాగు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర ప్రాణాంతకమైనవి. ఏదో తెలియనప్పుడు ఎవరూ దగ్గరకు పోకుండా, కంటితో కనిపెడుతూ అగ్నిమాపక కేంద్రానికి ఫోన్ చేయండి. తమిళనాడులో వాళ్లు పాములను పట్టడానికి వస్తారు. కాటు పడితే కట్టు బిగించవద్దు, కోయవద్దు, మంత్రగాడి దగ్గరకు పోవద్దు. 108కి ఫోన్ చేసి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి.

నెమలి సంగతి వేరు. కరిసల్ పల్లెల్లో నెమళ్లు ఎక్కువే. పెరట్లో బియ్యం చల్లి వాటిని మచ్చిక చేస్తే అవి పక్కవాళ్ల విత్తనాల మీద కూడా పడతాయి. ఆ నష్టం రైతుది. దూరం నుంచి చూసి ఆనందించండి.

9. దీపం ఆర్పండి, ఔట్లు గూళ్లకు దూరంగా కాల్చండి

విరుదునగర్‌కు ఆనుకుని ఉన్న శివగంగ జిల్లాలో పొత్తకుడి అనే పల్లె ఉంది. 2020లో అక్కడి వీధిదీపాల స్విచ్‌బోర్డు పెట్టెలో ఒక చిన్న పిట్ట గూడు కట్టి గుడ్లు పెట్టింది. ఊరంతా ఒప్పుకుని, పిల్లలు ఎగిరిపోయేదాకా నెలరోజులకు పైగా వీధిదీపాలు వెలిగించలేదు. అదే జిల్లాలో వేట్టంగుడి పక్షుల ఆశ్రయం పక్కనున్న కొల్లుకుడిపట్టి వాళ్లు కొంగలు బెదురుతాయని దశాబ్దాలుగా దీపావళికి టపాసులు కాల్చడం లేదు. ఇటు తెలుగునాట చిలమత్తూరు మండలం వీరాపురంలో ఇళ్ల మధ్య చింతచెట్ల మీద కొంగలు గూళ్లు కడతాయి. రెట్ట, చేపల వాసన భరిస్తూ ఊరు వాటిని కాచుకుంటుంది.

శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టిలో ఎన్నో ఇళ్ల పొయ్యి వెలిగేది మందుగుండు మీద, అగ్గిపెట్టెల మీద. టపాసులు మానేయమనడం ఈ సలహా ఉద్దేశం కాదు. పంగుణి పొంగల్‌కు విరుదునగర్‌లో కాల్చినా, ఇంకో ఊళ్లో తిరునాళ్లకు కాల్చినా, గూళ్లున్న వేప, రావి, మర్రి చెట్ల కింద కాకుండా ఖాళీ మైదానంలో కాల్చండి. పెరట్లో రాత్రంతా వెలిగే తెల్లని బల్బును పడుకునే ముందు ఆర్పండి.

ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టిన తమిళ రచయిత కి. రాజనారాయణన్ 1976లో రాసిన ‘గోపల్ల గ్రామం’ ఈ నేలకు వలస వచ్చిన తెలుగువాళ్లు అడవి కొట్టి ఊరు కట్టుకున్న కథ. ఆ అడవిలోని పిట్టల, పాముల, పురుగుల చోటే మన పొలమూ ఇల్లూ అయింది. తిరిగి ఇవ్వమని వాటికి అడగడం రాదు. పెరట్లో ఒక మూల, ఒక ఎండుకొమ్మ, ఒక మూకుడు నీళ్లు ఇవ్వడానికి మనకు డబ్బు అక్కర్లేదు, కొన్ని పనులు మానుకుంటే చాలు. ఈ ఉగాదికి ఇల్లు దులుపుకునేటప్పుడు ఆ మూల దగ్గర ఆగండి. పక్కింటివాళ్లు అడిగితే సోమరితనం వల్ల వదిలేయలేదని చెప్పండి. ఎందుకు వదిలేశారో కూడా చెప్పండి.