అన్‌నోన్ ఆర్టిస్టుకు పద్మశ్రీ ఎప్పుడు?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. ఈ మూడు జిల్లాలల్ల అందరికన్నా ఎక్కువ పాటలు పాడిన గాయకుడు ఎవరని అడిగితే జనం తలా ఒక పేరు చెప్తరు. అందరిదీ తప్పే. ఎవరి ఫోనన్నా తీస్కొని అండ్ల దాచుకున్న పాటలు తెరిచి చూడుండ్రి. పాట పేరు కింద చిన్న అక్షరాలల్ల గాయకుని పేరుంటది: అన్‌నోన్ ఆర్టిస్ట్. ఒగ్గు కథ చెప్పింది ఆయనే, చిందు భాగోతం ఆడింది ఆయనే. తండాల తీజ్ పాట ఆడపిల్లల గొంతుతోని అందుకున్నది ఆయనే, సమ్మక్క కథ కోయోళ్ల డోలీ మీద చెప్పింది ఆయనే. సావు కాడ ఏడిపించిందీ, బరాత్‌ల ఎగిరిపించిందీ ఆయనే. ఇన్ని భాషలు, ఇన్ని కులాల కళలు, ఆడ గొంతు మొగ గొంతు రెండూ ఒక్క మనిషికి పట్టుబడ్డ ముచ్చట చరిత్రల లేదు. ఇంత పెద్ద కళాకారునికి ఇప్పటిదాంక ఒక శాలువా కూడా కప్పలేదంటే మూడు జిల్లాల కలెక్టర్లూ సిగ్గుపడాలె.

పద్మ అవార్డులకు ఎవరి పేరునైనా ఎవరైనా ఆన్‌లైన్ల పంపొచ్చు. చేసిన సేవ 800 పదాలు దాటకుండ రాస్తే చాలు. సేవ రాసుడు అల్కనే. ఊరు, పుట్టిన తేదీ అడిగే కాడనే పెన్ను ఆగుతది. అందుకని ముందుగాల ఆయన జీవిత చరిత్ర చెప్పుకుందం.

క్యాసెట్ల కాలంల ఆయన పుట్టలేదు. పుట్టనియ్యలేదు. అప్పట్ల బస్టాండు పక్కన ఒక రికార్డింగ్ సెంటర్ ఉండేది. ఖాళీ క్యాసెట్టూ, కావాల్సిన పాటల చిట్టీ ఇచ్చి పోతే ‘రేపు రా’ అనేటోడు. ఎందుకు రేపు? 60 నిమిషాల క్యాసెట్ నింపాలంటే మామూలు డెక్కు మీద 60 నిమిషాలు పడుతది. గంటసేపు ఆ పాటలు మోగుతయి. సెంటర్ ఆయన వింటడు, పక్క చాయ్ హోటలాయన వింటడు, పాలకుర్తి బస్సు కోసం నిలబడ్డోడు అడగకపోయినా వింటడు. దోస్తు దగ్గర క్యాసెట్ తెచ్చుకుంటే ఇంకో పరీక్ష. తిరిగి ఇచ్చే రోజు వాడు ఊకే తీస్కోడు. ‘రెండో సైడుల మూడోది ఎట్లుంది?’ అని అడుగుతడు. విననోడు అక్కడనే దొరికిపోతడు, మళ్ల క్యాసెట్ పుట్టదు. అట్ట మీద పాడినోళ్లు, వంత పాడినోళ్లు, డోలు కొట్టినోళ్లు, అందరి పేర్లూ అచ్చయి ఉండేవి. పాడినాయన బొమ్మ కన్నా పెట్టుబడి పెట్టినాయన బొమ్మే పెద్దగ ఉండేది, అది వేరే ముచ్చట. అయినా పేరైతే ఉండేది.

అన్‌నోన్ ఆర్టిస్ట్ పుట్టింది సెల్‌ఫోన్ రిపేరు దుకాన్ల. చిప్పుల పాటలు ఎక్కించే కాలం అది. రెండు జీబీల నాలుగైదు వందల పాటలు పడుతయి. దుకాన్దారు ఫోల్డరుకు ఫోల్డరు ఎత్తి చిప్పుల పోసేటోడు. ఏ పాట, ఎవరిది అనే ముచ్చటే లేదు, జీబీకి ఇంత అని లెక్క. పాడినోళ్ల పేరుండాల్సిన జాగల పాటను ఎత్తుకొచ్చిన వెబ్‌సైటు పేరుండేది. అట్ల కొన్నేండ్లు వెబ్‌సైట్లే మనకు గాయనీగాయకులు. ఆ వెబ్‌సైట్లు మూతపడ్డయి. పేరు జాగ ఖాళీ అయింది. అండ్ల మనోడు వచ్చి కూసున్నడు.

ఆయనకు యవ్వనం వచ్చింది వాట్సాప్‌ల. ఇప్పుడు పాట పంచుకునుడు అంటే ఏందో ఒక్కసారి చూడుండ్రి. పొద్దున ఆరింటికి గ్రూపుల ఒక లింకు పడుతది. 27 నిమిషాల మల్లన్న కథ. మూడో సెకనుకు బొటనవేలు లేస్తది. ఐదో సెకనుకు ‘సూపర్ అన్న’. పదో సెకనుకు ఇంకొకాయన దాన్నే తన కులం గ్రూపుల, బ్యాచ్ గ్రూపుల, పార్టీ గ్రూపుల ఏస్తడు. పంపినోడు వినలేదు, మెచ్చుకున్నోడు వినలేదు, ముందుకు తోసినోడు వినలేదు. ముగ్గురూ సంగీత ప్రియులే! ఎదురుబొదురు కలిసినప్పుడు ‘నేను పంపిన కథ విన్నవా?’ అని అడిగే ధైర్యం ఒక్కనికీ లేదు. అడిగితే ‘నువ్వు విన్నవా?’ అని తిరిగి అడుగుతడేమో అని భయం.

2018ల వాట్సాప్ వాళ్లు మన దేశంల ఒక మెసేజ్‌ను ఒక్కసారి ఐదు చాట్లకు మించి పంపకుండ కట్టడి పెట్టిండ్రు. బాగా చక్కర్లు కొట్టినదైతే ఒక్కదానికే అని 2020ల ఇంకింత బిగించిండ్రు. పాట మీద దయతోని కాదు, పుకార్లు నమ్మి మనుషులను కొట్టి చంపుతున్నరని. అయినా పాటకు దాంతోని ఎంతో కొంత విశ్రాంతి దొరికింది, సంతోషం.

ఇగ స్టేటస్. అది చాన్నాళ్లు 30 సెకన్లే. తర్వాత నిమిషం చేసిండ్రు. ఆ కొన్ని సెకన్లల బీరప్ప పుట్టాలె, పెరగాలె, కామరాతిని పెండ్లాడాలె. ఒగ్గు పూజారులు రాత్రుల కొద్దీ చెప్పే కథ అది. మనోళ్లు డోలు దరువు ఒక్కటి కోసుకొని, దాని మీద తమ బుల్లెట్ బండి ఫోటో అతికించి, కింద ‘మన సంస్కృతి’ అని రాస్తరు. బండి నంబర్ ప్లేట్ సాఫ్‌గ కనపడుతది. డోలు కొట్టినాయన పేరు ఎక్కడా ఉండదు.

ఇక్కడి మట్టిల కళాకారులు లేక ఇట్లయిందా? మాణిక్యాపురం చుక్క సత్తయ్య ఒగ్గు కథను కేంద్ర సంగీత నాటక అకాడమీ అవార్డు దాంక తీస్కపోయి 2017ల కన్నుమూసిండు. దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లె గడ్డం సమ్మయ్యకు చిందు యక్షగానానికి 2024ల పద్మశ్రీ వచ్చింది. ఐదు దశాబ్దాలల్ల 19,000కు పైగా ప్రదర్శనలు ఇచ్చిండని కేంద్రం ప్రకటనలనే ఉన్నది. ఆ పొద్దు జిల్లా మొత్తం గర్వంతోని ఆయన ఫోటో స్టేటస్ పెట్టింది. ఫోటో. యక్షగానం కాదు. సమ్మయ్య ఆట ఒక్క రాత్రి పూర్తిగ చూసినోళ్లు చేతులెత్తుండ్రి అంటే ఆ స్టేటస్ వీరులల్ల ఎన్ని చేతులు లేస్తయో ఎవరికి వాళ్లకు ఎరుకే.

పేరు పోవుడు కొత్తది కాదని కొందరు పెద్దమనుషులు వాదిస్తరు. నిజమే. ‘బండెనక బండి గట్టి’ అనంగనే గద్దర్ యాదికొస్తడు, ‘మా భూమి’ సినిమా యాదికొస్తది. సాయుధ పోరాట కాలంల దాన్ని కట్టిన బండి యాదగిరి పేరు చెప్పాలంటే సగం మంది గూగుల్‌ను అడగాల్సిందే. కాని ఆ పాట అన్ని ఊర్లు తిరిగింది గొంతుల మీద. గొంతు నుంచి గొంతుకు పోవాలంటే పాట నేర్చుకోవాలె, నేర్చుకోవాలంటే వినాలె. కట్టినోని పేరు జారిపోయిందేమో గాని పాట మాత్రం పూర్తిగ చేరింది. మన దగ్గర పేరూ చేరదు, పాటా చేరదు. లింకు చేరుతది.

పాలకుర్తి సోమనాథుడే మనకన్నా నయం. 13వ శతాబ్దపు మనిషి. ఫోన్ లేదు, చిప్పు లేదు. అయినా పండితారాధ్య చరిత్రల తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, ప్రభాత పదాలు, నివాళి పదాలు, గొబ్బి పదాలు అని జనం పాడే పాటలను వరుసపెట్టి పేర్లతోని రాసిపెట్టిండు. ఈ మూడు జిల్లాలల్ల పద్ధతిగ తయారైన మొదటి ప్లేలిస్టు అదే, బహుశా ఆఖరుది కూడా. ఆయన ఊర్లె ఇయ్యాల ఎవరినన్నా తుమ్మెద పదం ఒకటి పంపమని అడిగితే తుమ్మెద బొమ్మతోని గుడ్ మార్నింగ్ వస్తది.

అన్‌నోన్ ఆర్టిస్టుకు దెబ్బ తగిలిన సందర్భం ఒకటున్నది, అది చెప్పకపోతే జీవిత చరిత్ర నిండదు. 2021ల ‘లవ్ స్టోరీ’ సినిమా నుంచి ‘సారంగ దరియా’ పాట వచ్చింది. రాసింది సుద్దాల అశోక్ తేజ, పాడింది మంగ్లీ. దేశమంతా ఊగింది. అప్పుడు జానపద గాయని కోమలి టీవీల ముందటికొచ్చి, ఈ పాటను సేకరించి ‘రేలారే రేలా’ల పాడింది నేను, నా పేరేది అని అడిగింది. గొడవ అయింది, చర్చలయినయి, ఆఖరికి దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు గుర్తింపు ఇస్తమని ఒప్పుకున్నడు. ఒక పేరు పాట పక్కకు రావడానికి ఒక మనిషి స్టూడియోల చుట్టు తిరగాల్సి వచ్చింది. నోరు లేనోళ్ల సంగతేంది? ఆమెకు ముందు ఏ పొలంల ఏ ముసలమ్మ నాట్లేసుకుంట పాడిందో ఆమెకు ప్రెస్‌మీట్ ఎవరు పెడుతరు?

ఆ ముసలమ్మ పాటకు ఓనర్లు మాత్రం బాగానే పుట్టుకొచ్చిండ్రు. యూట్యూబ్ ఛానల్ కింద చూడుండ్రి. సాహిత్యం: జానపదం. హక్కులు: మావి. 1957 కాపీరైట్ చట్టం సౌండ్ రికార్డింగుకు 60 ఏండ్ల హక్కు ఇచ్చిన మాట నిజమే. అది వాళ్లు చేసిన రికార్డింగుకు, అందరి నోట నలిగిన పాటకు కాదు. కాని గీ ముక్క వాళ్లకు ఎక్కుతలేదు. రేపో మాపో నర్సంపేట దిక్కు నుంచో కురవి దిక్కు నుంచో ఒక అవ్వ ఎంగిలిపూల నాడు తన అమ్మ నేర్పిన పాట పాడితే, మనుమడు ఆ వీడియో పెడితే, ‘ఇది మా సొత్తు’ అని నోటీసు వస్తది. అవ్వ తన పాటకు తనే పర్మిషన్ అడుక్కోవాలె.

అసలు అవ్వకు పాడే అవకాశం వస్తేగద! ఒకామె అందుకుంటే నలభై మంది ఉయ్యాలో అని తిరిగి పలికే ఆట బతుకమ్మ. ఇప్పుడు నడుమల బతుకమ్మలు, పక్కన ట్రాక్టర్ మీద డీజే డబ్బాలు. ఆ సంవత్సరం రిలీజైన పాట డబ్బా పాడుతది, ఆడోళ్లు మూతులు ముడుచుకొని చప్పట్లు కొడుతరు. మహబూబాబాద్ తండాలల్ల తీజ్‌కు పెండ్లికాని ఆడపిల్లలు గోధుమ మొలకలకు నీళ్లు పోసుకుంట తొమ్మిది రోజులు పాడే పాటలున్నయి. గోర్‌బోలీకి సొంత లిపి లేదు, ఆ పాటలు ఉండేది నోట్లనే. అక్కడ గూడ డబ్బా దిగింది. భూపాలపల్లి పక్క ములుగు జిల్లా మేడారం జాతరకు రెండేండ్లకోసారి కొత్త సమ్మక్క పాటలు వరద లెక్క వస్తయి. జాతర అయినంక ఒక్కటి గూడ యాదికుండదు. డీజే ఆపరేటర్ పేరు మాత్రం ప్రతి పాట నడుమల ఆరుసార్లు వినపడుతది. అన్‌నోన్ ఆర్టిస్ట్ రాజ్యంల పేరున్న కళాకారుడు ఆయన ఒక్కడే.

ఈ ఊర్ల నుంచి హైదరాబాద్ పోయి కొలువులు చేసే పిల్లలది ఇంకో పద్ధతి. డిసెంబర్ రాంగనే స్పాటిఫై వాళ్లు లెక్క పంపుతరు, ఈ ఏడు ఇన్ని నిమిషాలు విన్నవని. దాన్ని అందరికీ చూపెడుతరు. పాట పంచుకోరు, పాట విన్న లెక్క పంచుకుంటరు. అన్నం పెట్టకుండ త్రేన్పు వినిపించినట్టు. 2020 లాక్‌డౌన్ల ఇంగ్లండ్ గాయకుడు టిమ్ బర్జెస్ ట్విట్టర్ల ఒక టైం చెప్పి, ఎవరింట్ల వాళ్లు ఒకే ఆల్బమ్ ఒకేసారి పెట్టుకొని మొదటి నుంచి చివరిదాంక వినుకుంట మాట్లాడుకునేటట్టు చేస్తే మన పిల్లలు ‘వావ్’ అన్నరు. పిల్లలూ, మీ ఊర్లె మల్లన్న పట్నం రాత్రి జరిగేది గదే. ఊరు మొత్తం, ఒకే కథ, మొదటి నుంచి మంగళారతి దాంక. ట్విట్టర్ ఒక్కటే తక్కువ.

కాబట్టి సంగీత ప్రియులారా, మీ పాదాలకు దండం పెట్టి అడుగుతున్న. ఈసారి బతుకమ్మకు డబ్బా ఒక్క గంట బందు పెట్టించుండ్రి. పాడొచ్చిన అవ్వ ముందట ఫోన్ పెట్టి రికార్డు నొక్కుండ్రి. మొదట ఆమె పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నదో చెప్పమనుండ్రి. తర్వాత పాట, పూర్తి పాట. దాన్ని మీరు ఒకసారి వినుండ్రి. విన్నంకనే ఒక్క మనిషికి పంపుండ్రి, వారం తర్వాత ఫోన్ చేసి ఎట్లుందని అడుగుండ్రి. పంపేటప్పుడు పేరు చెప్పిన ముక్క మాత్రం కోసెయ్యకుండ్రి.