నక్షత్రాంత సందేశానికి టీకా తాత్పర్యం

మూలం:

ప్రియమైన కస్టమర్! శుభవార్త! మీ నంబరుకు మెరుపువేగపు అపరిమిత 5జి సిద్ధం*

అవతారిక: ఒకానొక ఆదివారం ఉదయం హైదరాబాదు నల్లకుంటలో, పెసరట్టు పెనం మీద తిరగబడడానికీ పళ్లెంలో పడడానికీ నడిమి సంధికాలంలో, ఈ వ్యాఖ్యాత ఫోను కుయ్యిమంది. తెరచి చూడగా పై వాక్యం. పంపినవారి పేరు లేదు, ఏవో పొడి అక్షరాలున్నాయి. కనుక కర్తృత్వం తేలదు. కాలనిర్ణయం మాత్రం చేయవచ్చు. మన దేశంలో తొలి సెల్‌ఫోను సంభాషణ 1995 జులై 31న కలకత్తాలో ఉన్న జ్యోతి బసుకూ ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రాంకూ నడుమ జరిగింది. అయిదో తరానికి ఢిల్లీ ప్రగతి మైదానంలో 2022 అక్టోబరు 1న ప్రధాని మోదీ బొత్తాం నొక్కారు. అంతకు రెండు నెలల ముందు ఏడు రోజుల వేలంలో మన నెత్తిమీది గాలి తరంగాలు 1,50,173 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయాయి. ఆ సొమ్ము తిరిగి రాబట్టుకోవలసిన రోజుల్లోనే ఈ కృతి పుట్టిందని పండితులు ఊహించగలరు.

ఛందస్సు: సందేశవృత్తం. దీని లక్షణం చాలామందికి తెలియదు కాబట్టి కాస్త నిలబడి చెప్పాలి. ఇంగ్లిషులో ఒక సందేశానికి 160 అక్షరాలు. తెలుగులో రాస్తే 70 మాత్రమే. అందులోనూ గుడులూ కొమ్ములూ పొల్లులూ ఖాళీలూ అన్నీ లెక్కలోకి వస్తాయి. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం ఆరు స్థానాలు తినేస్తుంది. అనుమానమున్నవారు పై మూలాన్ని ఆ లెక్కన వేలు మడిచి చూసుకోవచ్చు. నక్షత్రం సరిగ్గా డెబ్బయ్యో స్థానంలో పడుతుంది. ఆహా, ఏమి నిర్వహణ! వాక్యం చివర చుక్క పెట్టడానికే చోటు లేనివాడు షరతులు ఎక్కడ రాస్తాడు పాపం?

ఇక ప్రతిపదార్థం.

ప్రియమైన = ఖరీదైన. సంతలో ‘ఉల్లిపాయ ప్రియమైపోయింది’ అన్నప్పటి అర్థమే ఇక్కడ గ్రాహ్యం. 2024 జులైలో మూడు ప్రైవేటు కంపెనీలూ ఒకదాని వెంట ఒకటి రీచార్జి ధరలు పెంచిన పిమ్మట వేరే అర్థం చెప్పడం సాహసం. కస్టమర్ = కొనువాడు. కొన్ని దుకాణాల బోర్డుల మీద ‘కష్టమర్’ అని పాఠాంతరం ఉంది, అదే సాధుపాఠం. శుభవార్త = వార్త.

మీ నంబరుకు: ‘కు’ ఏ విభక్తి? తొందరపాటువారు చతుర్థి అంటారు. చతుర్థి అయితే దానం, ఇచ్చేవాడు ఇచ్చేసినట్టే. కాని మన వ్యాకరణంలో కొఱకున్, కై మాత్రమే చతుర్థి. ‘కు’ షష్ఠి. అది సంబంధాన్ని చెబుతుంది, ముట్టినట్టు చెప్పదు. పైగా సంబంధం నంబరుతో, ఫోనుతో కాదు. ఈ వ్యాఖ్యాత నంబరు సిద్ధమయ్యేనాటికి ఫోను అయిదో తరాన్ని ఎరగని పాతది. పెళ్లికొడుకు సిద్ధం, పెళ్లికూతురిని ఇంకా వెతకాలి అన్నట్టు, కొత్త ఫోను కొనే దాకా ఆ శుభవార్త ముహూర్తం లేకుండా ఉండిపోయింది.

మెరుపువేగపు: మెరుపు వేగం వంటి వేగం కలది. లుప్తోపమ. ఉపమానం చక్కగా అమరింది. మెరుపు క్షణకాలం కనిపిస్తుంది, ఎక్కడ పడుతుందో చెప్పలేం, ఇంట్లో కూర్చున్నవాడికి కిటికీలోంచే దర్శనం.

వేగానికి శాస్త్రప్రమాణం ఉంది. అంతర్జాతీయ టెలికం సంఘం అయిదో తరానికి పెట్టిన పరాకాష్ఠ సెకనుకు 20 గిగాబిట్లు. రెండు గిగాబైట్ల సినిమా 0.8 సెకన్లలో దిగిపోవాలి, టైటిల్స్ చదివే వ్యవధి కూడా ఉండదు. అదే సంఘం మామూలు జనానికి ఊరిలో దక్కవలసిందిగా చెప్పిన వేగం సెకనుకు 100 మెగాబిట్లు. మొదటి దానిలో ఇది రెండువందలో వంతు. రెండూ ఒకే శాసనంలో ఉన్నాయి, ప్రకటనలు రాసేవారు మొదటిది చదివి పుస్తకం మూసేస్తారు. దక్షిణ కొరియాలో ఈ చదువుకు శిక్ష కూడా పడింది. 2019 ఏప్రిల్‌లో అందరికంటే ముందు అయిదో తరాన్ని జనం చేతి ఫోన్లలోకి తెచ్చిన దేశం అది. అక్కడి మూడు కంపెనీలూ 20 గిగాబిట్లని చాటుకున్నాయి. కొలిచి చూస్తే సగటున ఒక గిగాబిట్టు కూడా నిండలేదు, చెప్పినదానిలో సుమారు ఇరవై అయిదో వంతు. 2023 మేలో అక్కడి వాణిజ్య న్యాయ సంఘం మూడింటికీ కలిపి 3,360 కోట్ల వాన్‌ల జరిమానా వేసింది. అతిశయోక్తి అలంకారానికి ఇంత మూల్యం చెల్లించిన కవులు సాహిత్యచరిత్రలో లేరు.

శంక: పై ఫ్లాటులో టవర్ల పని చేసే ఇంజినీరు కుర్రవాడొకడు ఉన్నాడు. పెసరట్టు వాసనకు దిగివచ్చి, మూలం చదివి, “మాస్టారూ, వేగమంటే ఎంత దిగింది అన్నదే కాదు, ఎంత త్వరగా బదులొచ్చింది అన్నది కూడా కదా? ఒక మిల్లీసెకను అన్నారు దానికి” అన్నాడు.

సమాధానం: “నాయనా, ఆ మిల్లీసెకను ఎక్కడినుంచి ఎక్కడికి?” అని ఈ వ్యాఖ్యాత అడిగాడు. కుర్రవాడు బుద్ధిమంతుడు, నిజం చెప్పాడు. అది ఫోనుకూ టవరుకూ నడుమ గాలిలో నడిచే నడకకు, అదీ ప్రత్యేకమైన ఏర్పాట్లలో. టవరు దాటాక అంతా తీగే. గాజు తీగలో కాంతి సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లే పోతుంది. అంటే మిల్లీసెకనుకు 200. పోయి రావాలంటే వంద కిలోమీటర్ల అవతల హద్దు. మన సినిమా ముంబయిలోని యంత్రంలో ఉందనుకుందాం. హైదరాబాదుకు అది ఆకాశమార్గాన 600 కిలోమీటర్ల పైమాటే. రానూపోనూ ఆరు మిల్లీసెకన్లు కాంతికే కావాలి, దారిలో మలుపులూ మజిలీలూ వేరే. ఎన్నో తరం వచ్చినా ముంబయి జరిగి రాదు. దూరాన ఉన్న డాక్టరు అయిదో తరం మీద ఆపరేషను చేస్తాడన్న కథలో డాక్టరు ఎంత దూరాన ఉన్నాడన్నది అడగవలసిన మొదటి ప్రశ్న.

అపరిమిత: నఞ్ సమాసం. నఞ్‌కు అర్థాలు ఆరని వ్యాకరణం. లేకపోవడం వాటిలో ఒకటి మాత్రమే. దానినే పట్టుకుని ‘పరిమితి లేనిది’ అని చెప్పేవాడు కంపెనీ కాల్‌సెంటరులో అరగంట పాట విని వస్తాడు. ఇక్కడ సాదృశ్యార్థం చెప్పాలి. అపరిమితం = పరిమితాన్ని పోలినది. ఇక అన్వయానికి అడ్డు లేదు.

భౌతికశాస్త్రమూ ఈ పక్షానే ఉంది. ఇంత వెడల్పు తరంగమార్గంలో, ఇంత రొదలో, ఇంతకు మించి సమాచారం పట్టదని క్లాడ్ షానన్ 1948లోనే సూత్రం కట్టి పెట్టాడు. ఆ పట్టినదాన్ని ఆ టవరు కింద ఉన్నవారంతా పంచుకోవాలి. వీధి కుళాయి వంటిది. తెల్లవారుజామున బిందె పెట్టినవాడికి గంగ, ఎనిమిదింటికి వచ్చినవాడికి గాలి. అయిదో తరం ఆ కుళాయి గొట్టాన్ని నిజంగానే లావు చేసింది. టవరు మీది పెట్టెలో అరవై నాలుగు యాంటెన్నాలు పెట్టి ఎవరి వైపుకు వారి ధార మళ్లించే నేర్పూ తెచ్చింది. అందుకు మెచ్చుకోవాలి. నాలుగో తరంలో సాయంత్రమయ్యేసరికి నీరసించే మా వీధి ఇప్పుడు రాత్రి పదింటికీ క్రికెట్టు చూస్తోంది. అయినా వినాయక నిమజ్జనం నాడు టాంక్‌బండ్ మీద నిలబడి వీడియో పంపి చూడండి. చదరపు కిలోమీటరులో పది లక్షల పరికరాలు పడతాయని శాస్త్రం చెప్పిన మాట వాస్తవమే. ఆ పది లక్షలూ ఎప్పుడో ఒకసారి ‘ఉన్నాను’ అని చెప్పి ఊరుకునే మీటర్ల వంటివి. డప్పుల మధ్య గంతులు వేస్తూ లైవు పెట్టే భక్తులు ఆ లెక్కలో లేరు.

ఇంకొక రహస్యం. మన 3300 మెగాహెర్ట్జ్ పట్టీలో పోవడానికీ రావడానికీ దారి ఒక్కటే, కాలాన్ని ముక్కలు చేసి వంతులు వేస్తారు. మూడు నాలుగు వంతులు దిగడానికి, ఒక వంతు ఎక్కడానికి. అందుచేత పక్కింటివాళ్ల పెళ్లి వీడియో చటుక్కున వస్తుంది, మనది అమెరికాలోని అబ్బాయికి పంపబోతే గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది.

5జి: ‘జి’ అనగా జనరేషను. గౌరవార్థకమైన ‘జీ’ అనుకున్నా దోషం లేదు. ఫోను నెత్తిన ఈ గుర్తు కనబడినంత మాత్రాన వస్తువు ఉన్నట్టు కాదని ఎరగాలి. నాలుగో తరపు పునాది మీద అయిదో తరపు పందిరి వేసిన చోట, ‘ఈ పేటలో పందిరి ఉంది’ అని నాలుగో తరపు టవరు చెబితే చాలు, కొన్ని ఫోన్లు గుర్తు వేసేసుకుంటాయి. పొగను చూసి నిప్పును ఊహించడం తర్కం. బోర్డు చూసి పొగను ఊహించడం దీని మార్గం.

సిద్ధం: ఎక్కడ?

ఇదే ఈ మూలంలోని కీలకస్థానం. డెబ్బై స్థానాలూ గాలించినా సప్తమీ విభక్తి లేదు. ప్రథమ ఉంది, షష్ఠి ఉంది, సంబోధన ఉంది. అందు, న మాత్రం కవి మరచాడు. మరచాడో, మింగాడో. అయిదో తరానికి అసలు ప్రశ్న అదే. అలను మన కొలతల్లో చెబుతాను. 700 మెగాహెర్ట్జ్ అల మూరెడు. గోడలు దాటి, పొలాలు దాటి దూరం పోతుంది కాని మోసే బరువు తక్కువ. 3300 అల బెత్తెడు చిల్లర. బరువు మోస్తుంది, రెండు గోడలు దాటేసరికి ఆయాసపడుతుంది. 26 గిగాహెర్ట్జ్ అల గోరంత. కొండంత బరువు మోస్తుంది, వేపచెట్టు కొమ్మ అడ్డమొస్తే అక్కడే కూలబడుతుంది. కొరియాలో దీనికి అన్న వరసయ్యే 28 గిగాహెర్ట్జ్‌కు కావలసినన్ని పెట్టెలు కంపెనీలు పెట్టనే లేదు. విసిగిన ప్రభుత్వం మూడింటి లైసెన్సులనూ వెనక్కి లాక్కుంది. బరువు మోసేది దూరం పోదు, దూరం పోయేది బరువు మోయదు. ఈ పేచీ తీరాలంటే వీధి వీధికీ పెట్టె కావాలి, ప్రతి పెట్టెకూ గాజు తీగా కరెంటూ కావాలి. తవ్వడానికి రోడ్డు కావాలి. తవ్విన రోడ్డు పూడ్చడం మరొక శాస్త్రం.

ఈ వ్యాఖ్యాత ఇంటి సప్తమి ఇది: బాల్కనీ యందు, బట్టల దండెం కింద, తులసికోట వైపు నుంచి మూడో పలక మీద. హాల్లో ఒక గీత, పడకగదిలో సున్న. కారణం విచారించగా, మొన్న వేసవిలో ఎండ ఆపుతాయని కిటికీలకు లోహపు పూత అద్దాలు వేయించిన సంగతి బయటపడింది. “ఎండనీ ఆపాయి, మీ 5జినీ ఆపాయి. చెప్పినదానికంటే ఎక్కువే పనిచేశాయి, అద్దాలవాణ్ణి చూసి నేర్చుకోమనండి ఫోనువాళ్లని” అని మా ఆవిడ తీర్పు.

* నక్షత్రం: పెళ్లిలో పురోహితుడు పట్టపగలు అరుంధతిని చూపిస్తాడు. “కనబడిందా?” “కనబడింది.” ఎవరికీ కనబడదు, అయినా పెళ్లి ఆగదు. దీన్నీ అలాగే ఎరగునది.

తాత్పర్యం: అమ్మా, అయ్యా, మీరు మాకు ఖరీదైనవారు. మీ నంబరుతో మాకు సంబంధం ఉన్నది. ఎక్కడో ఒకచోట, ఎవరూ వాడనప్పుడు, పరిమితాన్ని పోలినదొకటి చాలా వేగంగా ఉన్నది.

విశేషం: అంతర్జాతీయ సంఘం 2023లోనే ఆరో తరానికి ఐఎంటీ-2030 అని నామకరణం చేసింది. ఆ ఏడాదే మార్చిలో మన ప్రభుత్వమూ ఆరో తరపు దర్శనపత్రం వెలువరించింది. బారసాలకు పిలుపులు వచ్చేశాయి. ఆ సందేశం వచ్చిననాడు దానికీ టీక రాయబడును.

ఇది నల్లకుంట వాస్తవ్యుడు, పూత అద్దాల గృహస్థు, దండెం కింద మూడో పలక మీద నిలిచి రచించిన నక్షత్రాంత సందేశ వ్యాఖ్యయందు సర్వమును, ఏకైక ఆశ్వాసమును. పత్రికకు పంపబోవు వేళ వాన మొదలైనందున, బట్టలు తీసుకుని లోపలికి వచ్చి, ఇంటి వైఫై మీద పంపడమైనది.