పాత పహాణీ, కొత్త పోర్టల్

2020 అక్టోబర్ 29న తెలంగాణలో భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. పాత రికార్డులు కంప్యూటర్‌లోకి ఎక్కాయి. దారిలో ఏవేవో జారిపోయాయి గానీ, తప్పులు మాత్రం భద్రంగా చేరాయి!

పాత భూరికార్డైన పహాణీలో అనుభవదారుకు ఓ కాలమ్ ఉండేది. ధరణిలో దానికి చోటు దొరకలేదు. దున్నేవాడు ఎలాగూ పొలంలోనే ఉంటాడు, తెరమీద ఎందుకనుకున్నారేమో. వివాదం తేలని భూములు ‘పార్ట్-బి’ జాబితాలో పడ్డాయి. కొందరి పట్టా భూములు రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో ప్రత్యక్షమయ్యాయి.

వెనకటికి పేరులో అక్షరం తప్పితే పట్వారీ కొట్టేసి రాసేవాడు (దానికీ ఓ రేటుండేది లెండి). ధరణి వచ్చాక టీఎం-33 అనే మాడ్యూల్‌లో దరఖాస్తు పెట్టుకోమన్నారు. ఎరువు బస్తా ధర చెప్పినంత తేలిగ్గా రైతులు మాడ్యూల్ నంబర్లు చెప్పడం నేర్చారు. పాస్‌బుక్‌లో తండ్రి పేరు దిద్దించడానికి కొడుకు మీసేవకూ, తహసీల్దారు ఆఫీసుకూ మధ్య చెప్పులు అరగదీశాడు.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. రికార్డులు మళ్లీ మూటాముల్లె సర్దుకున్నాయి. తప్పులు దిద్దుతాం రమ్మని ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టి, దరఖాస్తులు తీసుకున్నారు. కాగితం మీద! ఆ కాగితాలను మళ్లీ కంప్యూటర్‌లోకి ఎక్కించారు.