సిగ్నలార్థ దీపిక

గోడ దాటు ముందె గొంతు పట్టుకొనును
పడకటింట చచ్చు, బల్బు వెలుగు
ఉన్నవాని కిచ్చు నోటీపి యడిగియే
లేనివానిఁ గొండలెక్కుమనును

అవతారిక: మూడో అంతస్తులో అద్దెకుండే ఒక కవి, వైఫై బిల్లు కట్టిన మర్నాడు చెప్పిన చాటువు ఇది. కవికీ టీకాకారుడికీ పాస్‌వర్డు ఒకటే కనుక కవిహృదయం విషయంలో సందేహం అక్కర్లేదు.

టీక: గోడ = ఇటుకదీ, కాంక్రీటుదీ; దాటు ముందె = అవతలికి పోకమునుపే; గొంతు పట్టుకొనును = మాట పెగలకుండును. ఇక్కడ వ్యాఖ్యాతలు రెండు తెగలు. ఆ గొంతు తరంగానిదని ఒకరు, కస్టమర్ కేర్‌తో పొద్దుపోయేదాకా వాదించిన గృహస్థుదని మరొకరు. మొదటిదే శాస్త్రసమ్మతం. ఇళ్లలోని రూటర్లు సాధారణంగా రెండు దారుల్లో పలుకుతాయి. 5 గిగాహెర్ట్జ్ తరంగం చురుకైనదే గాని గోడ ఎదురైతే నీరసిస్తుంది. 2.4 తరంగం కాస్త మొండిది, గోడల్ని ఓర్చుకుంటుంది. కాని ఆ దారి ఇరుకు. లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని మన దేశంలో 2005లోనే వదిలిపెట్టారు కాబట్టి అందరూ అందులోనే ఉన్నారు: బ్లూటూత్, పక్క ఫ్లాట్ల రూటర్లు, మైక్రోవేవ్ పొయ్యితో సహా. ఒకదాన్నొకటి తొక్కుకోని చానళ్లు అందులో మూడే, 1, 6, 11. ఎదురింట్లో కూర వేడెక్కుతుంటే మా ఇంట్లో ఆన్‌లైన్ పాఠం ఆగిపోయేది అందుకే. ఇనుప బీరువా తరంగాన్ని తిప్పికొడుతుంది, నీళ్ల డ్రమ్ము మింగేస్తుంది. వాస్తు ప్రకారం నైరుతిలో బీరువా, ఈశాన్యంలో నీళ్లు పెట్టుకున్న ఇంట్లో ఇక రూటరుకే దిక్కు లేదు.

చచ్చు, బల్బు వెలుగు = ప్రాణం పోయినా దీపం ఆరదు. విరోధాభాసాలంకారం. రూటరుకీ ఫోనుకీ మధ్య పొత్తు కుదిరిందని చెప్పే దీపం వేరు, రూటరుకి బయటి ప్రపంచంతో సంబంధం ఉందని చెప్పే దీపం వేరు. మనం మొదటిది చూసి ఫోన్‌ని తిడతాం.

ఇచ్చును + ఓటీపి = ఇచ్చునోటీపి. సంధి కుదిరింది, కనెక్షన్ సంగతి చెప్పలేం. 'పీ'కి ఉండాల్సిన దీర్ఘాన్ని కవి తగ్గించాడు. డేటా అయిపోయిందని నెల మధ్యలో స్పీడు తగ్గించేవాళ్లని ఏమీ అనం, కవినేం అంటాం? ఇక అర్థం. 2016 జనవరిలో రైల్‌టెల్, గూగుల్ కలిసి ముంబయి సెంట్రల్‌లో ఉచిత వైఫై మొదలుపెట్టి, ఆపైన వందల స్టేషన్లకు పాకించాయి. 2020లో గూగుల్ తప్పుకుంటానంది. రైల్‌టెల్ నడుపుతూ వచ్చింది. రోజుకి మొదటి అరగంట ఉచితం. చేరాలంటే ఫోన్ నంబరు ఇవ్వాలి, దానికి ఓటీపీ రావాలి. అంటే సిగ్నల్ ఉన్నవాడికే వైఫై. సిగ్నలే ఉంటే వైఫై ఎందుకని తార్కికులు అడుగుతారు. అమెరికా సిమ్‌తో సెలవుకి దిగిన తెలుగు కుర్రాడికి ప్లాట్‌ఫారం మీద ఈ పాదం ఏ టీకా లేకుండానే బోధపడుతుంది.

నాలుగో పాదంతో పద్యం రంగు మారుతుంది. అంతదాకా వినబడింది ఉన్నవాళ్ల సణుగుడు, నాతో కలిపి. లేనివానిన్ = పాడేరు వైపు ఏజెన్సీ గూడెంలో ఉన్నవాణ్ని అని అన్వయం. కొండలు అన్నది అతిశయోక్తి అనుకునేరు, స్వభావోక్తే. 2020లో బడులు మూతపడి పాఠాలు ఫోన్లోకి వచ్చినప్పుడు పిల్లలు సిగ్నల్ కోసం గుట్టలెక్కారు. రేషన్ బియ్యానికి ఈ-పోస్ మిషన్ మీద వేలిముద్ర పడాలి, మిషన్‌కి సిగ్నల్ కావాలి, సిగ్నల్ గుట్ట మీద ఉంటుంది. కనుక మిషన్‌తో డీలరూ, వెనక సంచులతో ముసలీ ముతకా. ఉపాధి హామీ పనికి 2023 జనవరి 1 నుంచి యాప్ హాజరు తప్పనిసరి చేశారు, రోజుకి రెండు ఫోటోలు. ఫోటో ఎక్కకపోతే కూలి చిక్కులో పడుతుంది. 2011లో కేంద్రం ఒప్పుకున్న పథకం, తర్వాత భారత్‌నెట్ అయినది, రెండున్నర లక్షల పంచాయతీలకు ఫైబర్ వేయాలనుకుంది. పంచాయతీ ఆఫీసు దాకా తీగ వచ్చినా గూడెం దాకా రావడం వేరే కథ.

అనును = ఆజ్ఞాపించును. మరి కర్త ఎవరు? వైఫై అని అధ్యాహారం చేసుకోవడం మొదటి మూడు పాదాలకే చెల్లుతుంది. నాలుగో పాదంలో అది కుదరదు, ఆ కొండ కింద వైఫై లేదుగా, అనడానికి. కొండెక్కమన్నది సిగ్నల్ లేదని తెలిసీ వేలిముద్రని, ఫోటోని తప్పనిసరి చేసిన ఉత్తర్వు. వ్యాకరణం తెలిసినవారెవరూ ఈ అన్వయాన్ని కాదనలేరు. ఉత్తర్వు రాసినవారి గదిలో మాత్రం సిగ్నల్ నిండుగా ఉండి ఉంటుంది.

తాత్పర్యం: స్పష్టం.

ఛందస్సు ఆటవెలది. నాలుగో పాదంలో 'లే'కి 'కొండలెక్కు'లోని 'లె' సంధిలో పుట్టిన అక్షరం కనుక అఖండయతి. లాక్షణికుల్లో కొందరు దీన్ని ఒప్పుకోరు. ఒప్పుకోనివారు సవరించి పంపవచ్చు. నాకు అందేది మాత్రం రాత్రి పదకొండు దాటాక, పైవాటావాళ్లు సినిమా ఆపేశాక.