సడ్డకుని కడుపు చూసి

కడుపులో హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా ఉందని తేలిన తర్వాత కూడా నేను మందులు మధ్యలో ఆపేశాను. చదువు లేక కాదు, డబ్బుల్లేక కాదు. మా సడ్డకునికీ ఎండోస్కోపీలో అదే బయటపడింది. ఆయనది కల్వకుర్తి దిక్కు, నాది దేవరకొండ దిక్కు. ఇద్దరం తినేది అదే జొన్నరొట్టె, అదే ఎల్లిపాయ కారం. ఆయన ఒక్క గోలీ వేసుకోలేదు, ఏ బాధా లేదు. "అన్నా, ఈ పురుగు లేని కడుపుందా మన దిక్కు? ఊకె భయపెడుతరు" అన్నాడు. నాక్కావలసిన మాట అదే కనుక వెంటనే నమ్మాను. మంట తగ్గగానే మిగిలిన గోలీలు అల్మారాలో పడేశాను.

ఆయన మాటలో కొంత నిజముంది. ప్రపంచ జనాభాలో ఇంచుమించు సగం మంది కడుపుల్లో ఈ బాక్టీరియా ఉంటుందని అంచనా. చాలావరకు పసితనంలోనే, ఇంట్లోవాళ్ల నుంచే, ముఖ్యంగా తల్లి నుంచి అంటుకుంటుంది. అంటుకున్న వందమందిలో పుండు పడేది పది పదిహేను మందికే. మిగతావాళ్లలో ఎక్కువమందికి అది ఉన్నట్టు కూడా తెలియదు. అయితే ఆయన కడుపులో ఉన్నదీ నా కడుపులో ఉన్నదీ ఒకటేనని ఎట్లా అనుకున్నాను? ఆయన్ను చూసి నా సంగతి తేల్చుకోవడమే నా మూర్ఖత్వం.

ఇంతగా రూపు మార్చుకునే బాక్టీరియాలు తక్కువ. జన్యువుల్లో మార్పులు తొందరగా వస్తాయి. ఒకే కడుపులో రెండు రకాలు చేరితే జన్యువుల ముక్కలు ఇచ్చిపుచ్చుకుంటాయి కూడా. రక్తసంబంధం లేని ఇద్దరి కడుపుల్లో అచ్చం ఒకే రకం దొరకడం అరుదు. కొన్నింటిలో 'క్యాగ్' అనే జన్యువుల గుంపు, ముప్పై దాకా జన్యువులు, చెక్కుచెదరకుండా ఉంటుంది. ఆ బాక్టీరియా కడుపు గోడ కణాలకు అతుక్కుని, క్యాగ్‌-ఏ అనే ప్రొటీన్‌ను సూదిమందులా లోపలికి ఎక్కిస్తుంది. కొన్నింటిలో ఆ గుంపు తెగిపోయి ఉంటుంది, కొన్నింటిలో అసలే ఉండదు. 'వ్యాక్‌-ఏ' అనే విషంలోనూ తీవ్రమైనవీ నెమ్మదైనవీ ఉన్నాయి. ఈ రెండింటి తీవ్రరూపాలూ ఉన్న రకం చేరితే పుండ్ల ముప్పు, కడుపు కేన్సర్ ముప్పు పెరుగుతాయి. అట్లని జన్యువే అంతా నిర్ణయించదు. మన దేశంలో క్యాగ్‌-ఏ ఉన్న రకాలు ఆరోగ్యవంతుల్లోనూ కనిపిస్తాయి. మనిషి ఒంటి తత్వం, పొగాకు, వాడే మందులు కూడా లెక్కలోకి వస్తాయి.

ఆ మందుల దగ్గరే నా రెండో తప్పు. మర్రిగూడ, మునుగోడు పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు బిగుసుకుపోయినవాళ్లను చూస్తూ పెరిగాను. మోకాలు నొప్పి అంటే నొప్పి గోలీ, అంతే. నేనూ డైక్లోఫెనాక్ మింగేవాణ్ని. డాక్టరు అడిగితే "ఎప్పుడో ఒకటి" అని అబద్ధం చెప్పాను. ఈ బాక్టీరియా, ఈ గోలీ రెండూ కలిస్తే, విడివిడిగా ఉన్నప్పటికంటే పుండు నుంచి రక్తం కారే ముప్పు చాలా పెరుగుతుంది. మలం నల్లగా, జిగటగా వచ్చినప్పుడు తిన్నది పడలేదనుకున్నాను. కళ్లు తిరిగి పడిపోయాక దవాఖానలో రక్తం ఎక్కించారు. మంచం పక్కన నిలబడ్డ నా బిడ్డ ముఖంలోకి చూడలేకపోయాను.

ఆ మంచం మీద ఉండగానే ఈ జీవి గురించి చదవడం మొదలుపెట్టాను. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ దీన్ని పట్టుకునేదాకా పుండ్లకు కారం, దిగులు కారణమనే డాక్టర్లూ అనేవారు. వాళ్లకు 2005లో నోబెల్ వచ్చింది. 2007లో హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థలో నియాజ్ అహ్మద్ బృందం మన దేశపు రకాల జన్యువులు పరిశీలించి, వాటి మూలాలు యూరప్ రకాలతో కలుస్తాయని చెప్పింది. మనుషుల పాత వలసల జాడ ఈ బాక్టీరియా జన్యువుల్లో దొరుకుతుంది. పాలమూరు నుంచి బతుకుదెరువుకు పోయిన కుటుంబాలు కూడా తమ ఇంటి రకాన్ని కడుపులో మోసుకునే పోయి ఉంటాయి. నాకు మా అమ్మ నుంచి వచ్చి ఉంటుంది, సడ్డకునికి వాళ్లమ్మ నుంచి.

మందు మధ్యలో ఆపితే ఇంకో కీడు కూడా ఉంది. ఈ బాక్టీరియాలో మందును తట్టుకోలేనివి చస్తాయి, తట్టుకోగలిగినవి మిగిలి పెరుగుతాయి. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ పనిచేయకుండా చేయడానికి వాటికి ఒక్క చిన్న జన్యుమార్పు చాలు. రెండోసారి నాకు వేరే మందులు రాశారు. అన్నీ వేసుకున్నాను.

డాక్టరు 14 రోజులు రాస్తే మంట తగ్గినా 14 రోజులూ వేసుకోండి. మందు అయిపోయిన నాలుగు వారాల తర్వాత, అది పోయిందో లేదో ఊపిరి పరీక్షతో తేల్చుకోండి. మీరు వాడే నొప్పి గోలీల పేర్లన్నీ దాచకుండా చెప్పండి. పక్కవాడికి ఏమీ కాలేదని మీరు ఆగకండి. మలం నల్లగా వస్తే మాత్రం తెల్లారేదాకా కూడా చూడొద్దు, ఆ రాత్రే దవాఖానకు పోండి.