గులివింద భోజన సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: గులివింద అడుగున తిరుగును, గడ్డముతో వెదకును, దొరికినది తినును.

టీక: గులివింద = విశాఖపట్నం రేవులో ట్రాలర్లు దించే చేపల్లో కనబడే, గడ్డం కింద రెండు మీసాలున్న చేప; అడుగున = ఇసుకా బురదా పరచుకున్న సముద్రపు నేల మీద; గడ్డముతో = ఆ రెండు మీసాలతో; తినును = ఇందులో సందేహం లేదు. చిక్కంతా ‘దొరికినది’ దగ్గరే. ఏది పడితే అది అని లోకం చెప్పుకునే అర్థం పొసగదని మా మతం. మూలంలో లేనిది రాయనని కావ్యవ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. మేమూ చేప పొట్టలో లేనిది రాయము.

తాత్పర్యం: ఆ మీసాలు అలంకారానికి కావు, వాటి నిండా రుచిమొగ్గలున్నాయి. గులివింద వాటిని ఇసుకలో గుచ్చి చకచకా కదిలిస్తూ సాగుతుంది. రుచి తగిలిన చోట ఆగి మూతి దూర్చి, ఇసుకతో సహా నోట పట్టి, ఇసుకను మొప్పల గుండా వదిలేస్తుంది. లోపల మిగిలేవి చిన్న రొయ్యలు, పీతపిల్లలు, ఇసుక పురుగులు, ఒక్కోసారి చిరుచేపలు. పని లేనప్పుడు మీసాలను గొంతు కింది గాడిలోకి మడిచేసుకుంటుంది. ఏది దొరికినా మింగేదానికి, నోటికంటే ముందు రుచి చూసే ఈ సరంజామా దేనికి?

పొట్ట కోస్తే ఇసుక కూడా ఉంటుంది కదా, కనుక ఇది బురద తినే చేపే అని పూర్వపక్షం. అన్నంలో రాయి తగిలిందని ఆ ఇంట రాళ్లు వండుకున్నారనం. ఇసుక ఎరను అంటుకుని వచ్చింది. చోటు మారితే, కాలం మారితే పొట్టలోని సరుకూ మారుతుంది, ఇక ఎంపిక ఎక్కడిదని మరో ఆక్షేపణ. ఎంపిక ఎప్పుడైనా ఉన్నవాటిలోనే. ప్రాచీన రోములో ఇదే కుటుంబపు చేప ఒక్కదానికి 8,000 సెస్టర్సుల నాణేలు పోశారని ఆనాటి రచయిత ప్లినీ రాశాడు, అంత చేప బురద తింటుందా అని మా పక్షం వారొకరు అనవచ్చు. అనుకూలమైనా ఈ వాదం మాకు వద్దు. తిండికి ధర ప్రమాణం కాదు.

‘అడుగున’ అన్నదానికి మాత్రం అవ్యాప్తి దోషం ఒప్పుకోక తప్పదు. పిల్లదశలో గులివిందలు పైనీళ్లలో తేలుతూ ప్లవకాలు తిని, ఆ తర్వాతే నేలకు దిగుతాయి. ఎర్రసముద్రపు పగడపు దిబ్బల్లో వీటి బంధువైన పసుపు రకం గుంపుగా చిరుచేపలను తరుముతుంది: ఒకటి వెంటపడితే మిగతావి పగడం చుట్టూ తిరిగి దారులు మూస్తాయి. వేటలో పని పంచుకునే జాతిని ఏది పడితే అది తినేదనడం కుదరదు.

ఇంకొక సాక్ష్యం ఉంది. గులివింద ఇసుక తవ్వుతుంటే వేరే జాతి చేపలు కొన్ని వెనకే తిరుగుతాయి. అది లేపిన ఎరలో తప్పించుకున్నదాన్ని అవి పట్టుకుంటాయి. శ్రమ లేదు, వెదుకులాట లేదు. కాబట్టి ‘దొరికినది తినును’ అన్న వాక్యానికి కర్తలు ఆ వెనకాలి చేపలే. గులివిందకు ‘ఏరినది తినును’ అన్న పాఠమే గ్రాహ్యం.